తెల్ల వార్పు ఎక్కిన ఇల్లు

పోయిన నెల ఒక సర్వే పిల్ల మా మెట్లెక్కి వచ్చింది. హిందూపురంలో సరోజమ్మ ఇంటి మేడ మీద ఒక గదిలో అద్దెకుంటున్నాను. గది ముందు నీళ్ళ ట్యాంకు, దాని నీడలో ఒక ప్లాస్టిక్ కుర్చీ. రిటైరయ్యాక ఎండ తిరిగేదాకా నా మకాం ఆ కుర్చీలోనే. పిల్ల పేరు భార్గవి అని మెడలో వేలాడే కార్డు మీద ఉంది. చేతిలో ట్యాబు. పేరు, వయసు, చదువు అడిగి నొక్కుకుంటూ పోయింది. చదువు దగ్గర పీహెచ్‌డీ అన్నాను. తలెత్తి గదిలోకి ఒక చూపు చూసింది. మంచం, పుస్తకాలు, తాడు మీద రెండు చొక్కాలు. అంత చదివినవాడు ఇట్లా ఉంటాడా అని అడగాలనుకుని, మర్యాదకు మానుకున్నట్టుంది.

"వంట యాడ చేసుకుంటారు సార్?"

"చేసుకోను. కింద సరోజమ్మ రెండు పూటలా క్యారియర్ పంపిస్తుంది."

"మీకంటూ పొయ్యి ల్యాదా?"

"లేదు."

కాసేపు ట్యాబు వైపు చూసి, "అట్లయితే మిమ్మల్ని కిందింట్లో కలిపేస్తా సార్. ఒకే పొయ్యి మీద తినేవాళ్ళంతా ఒక కుటుంబమని మాకు ట్రైనింగులో చెప్పినారు" అంది.

ఖాళీ క్యారియర్ కోసం అప్పుడే పైకొచ్చిన సరోజమ్మ నవ్వింది. ఆమెది మడకశిర వైపు, మాటలో సగం కన్నడం ఉంటుంది. "కలుపుకోమ్మా, ఏం పోయె! మా ఆయప్పకు అన్న అని రాసుకో. లేపాక్షికి ఆటో తోలే తమ్ముడు, పీహెచ్‌డీ అన్న. బాగుండాది జోడీ."

పిల్ల వేలు ట్యాబు మీదికి పోతుంటే నా చెయ్యి అడ్డం పెట్టాను. ఆ రూలు నాకు కొత్తది కాదు. ఇరవై ఏళ్ళ పాటు సర్వేలకు నేను రాసిన మాన్యువళ్ళలో ఆ వాక్యం ఉంది. ఆ పిల్లకు ట్రైనింగులో చెప్పినవాడికి చెప్పినవాడికి చెప్పినవాణ్ణి నేనే అయినా ఆశ్చర్యం లేదు. "సోమవారం రామ్మా, అప్పుడు చెప్తాను" అన్నాను. "ఒక్క లైనే కద సార్" అని గొణుక్కుంటూ దిగిపోయింది. ఒక్క లైనే. ఆ ఒక్క లైను సంగతే ఇది. ముప్పై ఏళ్ళుగా నా దగ్గరే పెట్టుకున్నాను.

నేను పుట్టింది ధర్మవరంలో, మగ్గం ఉన్న ఇంట్లో. పదిహేడేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. అందులో గొప్పా లేదు, సిగ్గూ లేదు. నాయన పోయాక మా అన్న ఓబులేసు, నేను ఆ ఒక్క మగ్గాన్నే పట్టుకుని ఉన్నాం. బడికి పోవాలని నాకు తోచలేదు, పంపాలని ఇంకెవరికీ తోచలేదు. అన్నకు పెళ్ళై చౌడమ్మ వదిన వచ్చాకే ఆ ఇంట్లోకి అక్షరం అడుగుపెట్టింది. ఆమె పెనుకొండ పిల్ల, ఏడో తరగతి దాకా చదివింది. వచ్చిన నెల తిరక్కుండానే వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా మా గడప దగ్గరికి తెచ్చేవాళ్ళు. మాది గుంత మగ్గం. నేసేవాడు గుంతలోకి కాళ్ళు వదిలి కూర్చుంటే ఇంటి నేల నడుము ఎత్తున ఉంటుంది. వదిన పక్కన కూర్చుని కండెలకు పట్టుదారం చుట్టేది, చెయ్యి ఖాళీ అయినప్పుడు సుద్దముక్క తీసుకుని నా పక్కన నేల మీద ఒక అక్షరం రాసేది. ఆమె తన వైపు నుంచి రాసేది, నాకది వాలి కనిపించేది. నేను వాలినట్టే నేర్చుకున్నాను. ఇవాళ్టికీ నా రాత అంతా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, గాలికి కొట్టుకుపోతున్న జొన్నచేను మాదిరి. గుణింతాలు తప్పితే, "ఈ పొద్దు ఊరిబిండి ల్యా, ఉత్త సంగటే మింగు" అనేది. శెనక్కాయలతో నూరే ఊరిబిండి పచ్చడి లేకుండా రాగిసంగటి మింగడం ఎంత కష్టమో తిన్నవాళ్ళకే తెలుస్తుంది. దెబ్బకు దీర్ఘాలు వచ్చేశాయి. అన్న అటు నుంచి, "వాడు కలెక్టరయ్యేది తర్వాత, చీరె అంచు వంకర పోతాండాది చూడండి ముందు" అని అరిచేవాడు. అన్నకు చివరిదాకా చదువు రాలేదు, కావాలని అడగనూ లేదు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ముడిపట్టు వాసన అంత మంచిదేమీ కాదు, తడిసిన గొర్రె దగ్గర నిలబడ్డట్టుంటుంది. దాని మీద శెనక్కాయ పొట్టు పొగ, దాని మీద ఊరిబిండికి నూరిన ఎండు మిరపకాయల ఘాటు. ఇంట్లో ఉన్నది ఒక్కటే గది. అందులోనే మగ్గం, అందులోనే పొయ్యి, రాత్రి మగ్గం కిందా పక్కనా పడకలు. వదిన పొద్దు వాలకముందే నొక్కులు పడ్డ ఒక అల్యూమినియం గ్లాసుతో రాగిపిండి కొలిచి, మరుగుతున్న నూకల్లో పోసి, తెడ్డుతో తిప్పేది. ఆ గ్లాసు నిండా పిండి పోస్తే సరిగ్గా మూడు ముద్దలు. అన్నకొకటి, నాకొకటి, ఆమెకొకటి. ఎక్కువా కాదు, తక్కువా కాదు. పిండి కొలిచేది ఒకసారే, మళ్ళీ డబ్బా మూత తియ్యదు.

ఆ వీధిలో ఒక ఆచారం ఉండేది. వార్పు అంటే మగ్గానికి నిలువునా ఎక్కించే పట్టుపోగులు. పెళ్ళిళ్ళ కాలం దగ్గర పడితే ముహూర్తం చీరెల కోసం తెల్ల వార్పులు వచ్చేవి. వీధిలో అన్నిటికంటే మర్యాద ఉన్న పని అది, మంచి చెయ్యి ఉన్నవాడికే ఇచ్చేవాళ్ళు. తెల్లపట్టుకు పొగ పడదు. పైకప్పు నుంచి ఇంత మసి రాలినా చీరె పనికిరాదు. అందుకని తెల్ల వార్పు ఎక్కిన రోజు ఆ ఇంటి ఆడమనిషి పొయ్యిలో నీళ్ళు చల్లి, బూడిద ఎత్తి, అలికి ముగ్గు పెట్టి, చట్టీ, తెడ్డు, పిండి డబ్బా ఎత్తుకుని పక్కింటికి పోయేది. చీరె దిగేదాకా వంట అక్కడే. పక్కింటికి తెల్ల వార్పు వస్తే వాళ్ళు ఈ ఇంటికి వచ్చేవాళ్ళు. మాకు జోడీ ఇల్లు రామక్కది. రెండిళ్ళకూ ఒకేసారి తెల్ల వార్పు ఎత్తకూడదని మాట. పిండి ఎవరిది వాళ్ళదే, చట్టి ఎవరిది వాళ్ళదే, మంట మాత్రం ఒకటి. ఎవరూ ఎవరికీ ఉపకారం చేస్తున్నామనుకునేవాళ్ళు కాదు. వీధిలో సగం పొయ్యిలు ముగ్గుతో చల్లగా ఉండి, సగం పొయ్యిలు రెండేసి చట్లతో మండుతూ ఉండేవి.

అక్షరాలు వచ్చాక నేను ఆగలేదు. పదో తరగతి ప్రైవేటుగా రాశాను, మగ్గం మీద కూర్చునే. హిందూపురం కాలేజీలో డిగ్రీకి చేరినప్పుడు క్లాసులో లెక్చరర్‌కూ నాకూ వయసులో పెద్ద తేడా లేదు. అర్థశాస్త్రం ఎందుకు తీసుకున్నావని అడిగితే నా దగ్గర ఇప్పటికీ మంచి జవాబు లేదు. ఆ గ్రూపులో సీట్లున్నాయి, అంతే. తర్వాత దాని మీద ఇష్టం వచ్చింది. నేసేవాడికి చీరె వెనక్కి తిప్పి ముడులు చూసే అలవాటుంటుంది. ఈ శాస్త్రం ఊరిని అట్లా తిప్పి చూపిస్తుందనుకున్నాను. ఎం.ఏ. అయ్యేసరికి ముప్పై దగ్గరికొచ్చాయి. అది తొంభైల మొదట్లో మాట. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ నేతపనివాళ్ళ మీద సర్వే పెట్టి, ఇంటింటికీ తిరిగే ఇన్వెస్టిగేటర్లను తీసుకుంటోందని తెలిసి పెనుకొండకు పోయాను. కొండ కింద ఒక అద్దె మిద్దెలో వాళ్ళ క్యాంపు. మేం ఎనిమిదిమందిమి. పని అయ్యాక ఇద్దరిని హైదరాబాదుకు తీసుకుంటామని మొదటి రోజే సూపర్వైజరు చెప్పాడు. అప్పటినుంచి ఆ ఎనిమిదిమందిమీ ఒక పళ్ళెంలో తిన్నా ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోలేదు.

సూపర్వైజరు చెడ్డవాడని చెప్పను. కోస్తా వైపు మనిషి, చదువుకున్నవాడు, ఎండకు తట్టుకోలేక తలకు తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవాడు. సంగటి చూస్తే భయపడేవాడు. మాకు ఆయన నేర్పిన మొదటి పాఠం కుటుంబం అంటే ఏమిటి అని. "చుట్టరికం నమ్మొద్దు, ఇంటి గోడలు నమ్మొద్దు. పొయ్యిని నమ్మండి. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు ఒక కుటుంబం" అన్నాడు. నాకది ఎంతో బాగుందనిపించింది. నోట్సులో వాలిన అక్షరాలతో రాసుకుని కింద గీత గీశాను. సర్వే చేసిన ఇళ్ళ జాబితాను బట్టే తర్వాత నేతపనివాళ్ళకు విడిగా మగ్గం షెడ్లు కట్టిస్తారని కూడా ఆయనే చెప్పాడు. మనుషులు మగ్గం కింద పడుకునే బాధ తప్పుతుందని. అది విన్నప్పుడు వదిన మొహం కళ్ళముందుకొచ్చింది. ధర్మవరం నాకివ్వండి సార్, నా ఊరు అని నేనే అడిగి తీసుకున్నాను.

మా వీధికి పోయిన రోజు బాగా గుర్తు. తెల్ల వార్పుల కాలం. అంటే సగం ఇళ్ళలో పొయ్యి లేని కాలం. ఆ సంగతి నాకు తెలియదా? ఆ పొయ్యిల పక్కనే పెరిగాను. కానీ చంకలో ఫైలు, జేబులో పెన్ను, కాళ్ళకు బూట్లు ఉన్న మనిషికి తెలిసినది వేరే ఉంటుంది. మొదటి ఇంటి నుంచి రూలు ప్రకారమే పోయాను. రామక్క ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద రెండు చట్లు ఉడుకుతున్నాయి. ఒకటి ఆమెది. రెండోది అంచు దగ్గర సొట్ట పడ్డది. ఆ సొట్ట నేను చేసిందే.

"ఏమప్పా, మా ఇంట్లో ఎంతమందో నీకు తెలీదా?" అని రామక్క వెక్కిరించింది. "నా బిడ్డల్ని నువ్వే సంకనేసుకోని తిరిగినావు. ఇప్పుడు బూట్లేసుకోనొచ్చి, ఎంతమందమ్మా అని అడుగుతాండావు. మీ పెనుకొండోళ్ళకు మతి ఉండాదా ల్యాదా?"

"ఈ పొయ్యి మీద తినేవాళ్ళు ఎంతమందో చెప్పక్కా. రూలు అది."

"మేం ఐదుమందిమి. మీ అన్నా వదినా ఇద్దరు. ఏడుమంది. రాసుకో, రాసుకో. ఆ చట్టిలో నీకూ ముద్ద ఉండాది, పెట్టమని మీ వదిన చెప్పిపోయింది. తినిపో."

"ఇప్పుడు పనిలో ఉండాను లేక్కా."

ఏడు అని రాశాను. కుటుంబ యజమాని దగ్గర రామక్క మొగుడి పేరు రాశాను. తర్వాతి ఇల్లు మాదే. తలుపు తెరిచే ఉంది. లోపల మగ్గం మీద తెల్లపట్టు, దాని వెనక వంగి పోగులు సరిచేస్తున్న వదిన. నన్ను చూసి చేత్తో రమ్మంది. ఫైలు ఎత్తి చూపించి, తర్వాత వస్తానని సైగ చేసి ముందుకు పోయాను. పోయినవాణ్ణి పోయినట్టే బస్టాండు దగ్గర హోటల్లో పూరీ తిని పెనుకొండ బస్సెక్కాను. పొయ్యి లేని ఇంటికి జాబితాలో లైను ఉండదు కదా, ఇక ఆగి అడిగేదేముంది అని బస్సులో నాకు నేనే చెప్పుకున్నాను.

శనివారం పెనుకొండలో కాగితాల తనిఖీ. నోరు తెరవలేదని ఎవరైనా అంటే అది అబద్ధం. తెరిచాను. "సార్, మా వీధిలో తెల్ల వార్పు ఎక్కితే పొయ్యి ఆర్పేస్తారు సార్, పక్కింట్లో..." అని మొదలుపెట్టాను. ఆయన కాగితం నుంచి తల ఎత్తలేదు. "మీ వీధి కాబట్టి దానికొక రూలు కావాలా? లోకల్ వాళ్ళను తీసుకుంటే ఇదే తంటా" అన్నాడు. మిగిలిన ఏడుగురూ నా వైపు చూశారు. ఆ ఏడుగురిలో ఇద్దరికి కాస్త సంతోషం కూడా కలిగింది, నేను చూశాను. ఇంకొక్క మాట అంటే సరిపోయేది. ఆ ఇల్లు మాది సార్, అందులో ఇద్దరు మనుషులు, వాళ్ళ చట్టి వాళ్ళదే, ఒకసారి వచ్చి చూడండి అంటే పోయేది. నేను అన్నది, "లేదు సార్, ఊరికే చెప్పాను." ఆయన నా కాగితాలు పైకెత్తి అందరికీ చూపించాడు. "రాత వంకరగా ఉన్నా పని చూడండి ఎంత శుభ్రంగా చేశాడో. ఒక్క కొట్టివేత లేదు" అన్నాడు. హైదరాబాదుకు తీసుకున్న ఇద్దరిలో నేను ఒకణ్ణి.

షెడ్లు వచ్చాయి, కొన్నాళ్ళు పట్టింది కానీ వచ్చాయి. రామక్కవాళ్ళకు ఊరి చివర ఒకటి వచ్చింది. మగ్గం, పిల్లలు, చట్లు అన్నీ సర్దుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. అన్న షెడ్లు ఇచ్చే ఆఫీసుకు పోయి అడిగితే, మీరు వాళ్ళ కుటుంబమేనని జాబితాలో ఉంది, ఒక కుటుంబానికి ఒకటే అన్నారట. రామక్క పోయాక ఆ ఇంట్లోకి బండ్లు బాగుచేసేవాడు వచ్చాడు. ఇక మా వదినకు చట్టి ఎత్తుకుపోయే పక్కిల్లు లేదు. పొయ్యి ఆర్పడానికి వీల్లేని ఇల్లు తెల్ల వార్పు ఎత్తలేదు. వీధిలో అందరికంటే మంచి చెయ్యి ఉన్న మా అన్న నల్లవీ ముదురు రంగులవీ మాత్రమే నేశాడు, కొన్నేళ్ళు. తర్వాత అవీ మానేసి హిందూపురంలో ఒక మిల్లుకు కాపలా పనికి పోయాడు, వారానికొకసారి ఇంటికొచ్చేవాడు. ఇవన్నీ నాకు ఉత్తరాల్లో తెలిశాయి. వదిన రాసేది. నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. నీ ఆరోగ్యం జాగ్రత్త, వేళకు తిను అని చివర ఉండేది.

వేళకు తినడానికి నాకంటూ ఒక పొయ్యి ఎప్పుడూ లేదు. హైదరాబాదులో సంస్థ క్యాంటీను, తర్వాత హాస్టలు మెస్సు, తర్వాత ఊరూరా గెస్ట్‌హౌసులు. పొద్దున చల్లారిన ఉప్మా, దాని పక్కన మడతపెట్టిన పేపరు నాప్కిను. పెళ్ళి చేసుకోకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. థీసిస్ అయ్యాక అనుకున్నాను. థీసిస్ నలభైకి దగ్గరలో అయింది. అప్పుడు ఇంకేదో రిపోర్టు. నా థీసిస్ దేని మీదో చెప్తే నవ్వుతారు. మా సర్వేలో తేలిన పెద్ద సంగతి నేతపనివాళ్ళు పెద్ద పెద్ద ఉమ్మడి కుటుంబాల్లో బతుకుతున్నారని. కష్టం వచ్చినప్పుడు ఉమ్మడిగా ఉంటే నిలదొక్కుకుంటారని నేనొక వ్యాసం రాశాను. అది నచ్చింది. నచ్చితే పిలుస్తారు, పిలిస్తే పైకి పోతాం. రీసెర్చి అసిస్టెంటు నుంచి ఫెలో, ఫెలో నుంచి ప్రొఫెసరు. కమిటీల్లో నా ముందు పేరు రాసిన చెక్క, మంచినీళ్ళ సీసా. రామక్క పొయ్యి మీద రెండు చట్ల నుంచి ఇంత ఎదిగాను నేను. రాసేటప్పుడు నాకు తెలియదా అంటే తెలుసు. ఒక్క వీధే కదా, మిగిలిన చోట్ల నిజమై ఉంటుందిలే అనుకునేవాణ్ణి. ఆ మిగిలిన చోట్లకు పోయినవాళ్ళు కూడా నా మాదిరే సైగ చేసి ముందుకు పోయి ఉండొచ్చని అనుకోవడానికి ధైర్యం చాలలేదు.

రెండువేలు దాటాక అదే ఊళ్ళలో మళ్ళీ సర్వే చేశారు. అప్పటికి ఇంటింటికీ గ్యాసు వచ్చింది. గ్యాసుకు పొగ లేదు, తెల్ల వార్పు ఉన్నా పొయ్యి ఆర్పే పని లేదు. ఇంటికొక పొయ్యి, పొయ్యికొక కుటుంబం. కాగితం మీద మాత్రం కుటుంబాలు తటాలున ముక్కలైపోయినట్టు కనిపించింది. హైదరాబాదులో పెద్ద సెమినారు పెట్టారు. ఉమ్మడి కుటుంబం ఎందుకు విరిగిపోతోందని ఒకాయన మార్కెట్టును తిట్టాడు, ఒకావిడ టీవీని తిట్టింది, ఇంకొకాయన కోడళ్ళను తిట్టకుండా తిట్టాడు. ఈ విషయంలో పెద్ద తలకాయవు నువ్వే, చెప్పమని మైకు నా చేతికిచ్చారు. ఆ రోజు చెప్పాను. ఎవరూ విడిపోలేదు, ఎవరూ కలిసీ లేరు, పొగకు భయపడి చట్టి పక్కింటికి ఎత్తుకుపోయేవాళ్ళు, అంతే అన్నాను. హాలంతా నవ్వు. మంచి జోకు చెప్పానన్నట్టు నవ్వారు. టీ దగ్గర డైరెక్టరు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంట్రెస్టింగ్ ఆచారం. ఒక ఫుట్‌నోట్ వేద్దాం" అన్నాడు. వేశారు. చిన్న అక్షరాల్లో, పేజీ అడుగున, ఇంగ్లీషులో. నా వీధికి అక్కడ మూడు వరుసల చోటు దొరికింది. నేను దానికి కూడా ఒప్పుకున్నాను. తర్వాత మాన్యువలు కొత్తగా రాసే పని నాకే ఇస్తే పాత రూలే మళ్ళీ రాశాను. మార్చితే పాత లెక్కలతో పోల్చడానికి కుదరదన్నారు. వాళ్ళన్నది శాస్త్రప్రకారం సబబే.

రిటైరయ్యాక ధర్మవరానికి పోకుండా హిందూపురంలో దిగాను. ఇక్కడే చదువుకున్నాను, అలవాటైన ఊరు అని అందరికీ చెప్పాను. అన్న కాపలా కాసిన ఊరు అని చెప్పలేదు. అన్న పోయి ఆరేళ్ళయింది. వదిన ధర్మవరంలో కూతురి దగ్గర ఉంది. షెడ్ల నాటికి పుట్టని ఆ కూతురికి ఇప్పుడు ఇద్దరు బిడ్డలు. ఏడాదికి రెండుసార్లు పోయి పండ్లు ఇచ్చి, సాయంత్రం బస్సుకు వచ్చేస్తాను. సర్వే పిల్ల వచ్చిపోయాక వచ్చిన ఆదివారం మాత్రం పండ్లు లేకుండా పోయాను.

వదిన కంటి ఆపరేషనైంది, నల్ల అద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. ఇప్పటికీ చేతులు ఊరికే ఉండవు, వేళ్ళు గాల్లో కండె చుడుతున్నట్టు కదులుతుంటాయి. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు అనేశాను.

"వదినా, ఆ కాలంలో షెడ్ల జాబితాలో నీ ఇల్లు రాయంది నేనే."

"తెలుసులేప్పా" అంది.

"ఎట్ల తెలుసు?"

"మీ అన్న ఆపీసుకు పోయినాడు కదా. గుమాస్తా కాగితం తీసి చూపించినాడంట. మీ అన్నకు సదవను రాకపోతే మాత్రం, ఆ రాత తెలీదా? వాలిన అక్షరాలు. ఇంటికొచ్చి గుంతలో కూచ్చోని, 'మనోడి రాతేనే అది' అన్యాడు. ఎవురితోనూ అనద్దు, వాని ఉద్యోగానికి ఏమన్నా అయితాదేమో అన్యాడు. అంతే, మళ్ళ ఆ మాట ఎత్తల్యా."

నేను తల వంచుకున్నాను. వారం వారం హిందూపురం నుంచి ఇంటికొచ్చిన మా అన్నకు అది తెలుసు. నాకు ఉత్తరం రాయించిన ప్రతిసారీ తెలుసు.

"మరి నా మీద కోపం రాలేదా?"

"షెడ్డుకు నాకు కోపం ల్యాదప్పా. షెడ్డు పోతే పోయింది." నల్ల అద్దాలు సర్దుకుంది. "ఆ పొద్దు నువ్వు గడప తొక్కకుండా పోయినావు చూడు, అదీ. నువ్వొచ్చి పెద్ద ఆపీసరు మాదిరి, ఇంట్లో ఎంతమందమ్మా అని అడుగుతావు, ముగ్గురని చెప్పల్ల అని పొద్దుననుంచి కాసుకోనుంటి. మీ అన్న నవ్వినాడు. వాడు పెనుకొండలో ఉండాడు కదే, రాసుకోరు అన్యాడు. రాసుకోకపోతే పోనీ, నేనైతే ముగ్గురనే చెప్తా అంటి."

కూతురు కాఫీ తెచ్చిచ్చింది, తాగాను. వచ్చేటప్పుడు వదిన గడప దాకా వచ్చి, "ఆడ ఏం తింటాండావు?" అని అడిగింది. క్యారియర్ అన్నాను. ఆమె లోపలికి పోయి ఒక సంచి తెచ్చి చేతిలో పెట్టింది. రాగిపిండి. మీద నొక్కులు పడ్డ గ్లాసు.

ధర్మవరం బస్టాండు దగ్గర చిన్న కరెంటు పొయ్యి, ఒక చట్టి, తెడ్డు కొన్నాను. సోమవారం భార్గవి వచ్చేసరికి గది మూలన పుస్తకాలు జరిపి అక్కడ పెట్టి ఉంది.

"ఇదేంది సార్, మొన్న ల్యాదు కదా?"

"మొన్న లేదు, ఇప్పుడుంది. ఇక మీద నా వంట నేనే చేసుకుంటాను. కింద చెప్పేశాను. సరోజమ్మకు కోపం కూడా వచ్చింది, కావాలంటే పోయి అడుగు."

"అయితే విడిగా రాస్తా సార్. సిస్టం తీసుకుంటాది." సంతోషపడింది పాపం, ఒక లైను తెగింది కదా. "ఇంట్లో ఎంతమంది సార్?"

ముగ్గురు అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఒక్కడే" అన్నాను. "సరిగా చూసి నొక్కమ్మా."

నొక్కింది. పోయింది. మధ్యాహ్నం నూకలు మరిగాక వదిన గ్లాసు నిండా పిండి కొలిచి పోసి, తెడ్డుతో తిప్పాను. ఒకరికి ఎంత పొయ్యాలో నాకు తెలియదు, తెలిసిన కొలత అదొక్కటే. అక్కడక్కడా ఉండలు కట్టింది. చేతులు తడి చేసుకుని ముద్దలు చేస్తే మూడయ్యాయి. ఒకటి తిన్నాను. మిగిలిన రెండింటి మీద పళ్ళెం బోర్లించి పెట్టాను.